పడవలో ఎర్తు బకెట్టు

నలభై ఏళ్లు కరెంటు పని చేసినవాణ్ణి. ఓడలకు కూడా వైరింగు చేశాను. పోయినేడు మా చెల్లెలి మొగుడు మునస్వామి సూళ్లూరుపేట దగ్గర సరస్సులో విహారానికి పడవ కొని, ఫ్యాను, మిక్సీ పెట్టమన్నాడు. ఒడ్డు నుంచి కరెంటు లాగాను. కారిన కరెంటును నేలలోకి పంపే ఎర్తు ఎక్కడ వేయాలో మాత్రం పొద్దున్నుంచి తల బాదుకున్నా తేలలేదు. గుంత తవ్వుదామంటే కింద నీళ్లాయె! విసుగెత్తి పడవలోనే ఒక బకెట్టులో మన్ను, బొగ్గు, ఉప్పు వేసి ఎర్తు తీగ పాతి, దాన్నే పడవ అంచు ఇనప కమ్మీకీ చుట్టాను.

"ఇది పనిచేస్తాదా బావా?" అన్నాడు మునస్వామి.

"నాకే సెప్తావా? ఎక్కబ్బా!"

స్విచ్చి వేయగానే మిక్సీలో కారిన కరెంటు, బకెట్టు మన్ను నేలకు తగలక, కమ్మీలోకి వచ్చింది. నీళ్లలో నిలబడి కమ్మీ పట్టుకున్న మునస్వామి కేకపెట్టి వెనక్కి పడ్డాడు. నేను దూకి, ఈదుకుంటూ వెళ్లి కాపాడాను.

అందరికీ ఇలాగే చెబుతుంటాను. నిజానికి నీళ్లు మోకాలి లోతే. నేను కొయ్యబారిపోతే, ఒడ్డున స్విచ్చి ఆపింది మా చెల్లెలు. ఓడల సంగతీ కోతే. నేను వైరింగు చేసింది పెళ్లి పందిళ్లకే.

ఒడ్డున గుంత తవ్వి, ఎర్తు తీగ పడవదాకా లాగాను.

"ఈసారి ముందు కమ్మీ నువ్వు పట్టుకోన్నా," అంది చెల్లెలు.

పట్టుకున్నాను, కళ్లు మూసుకుని.