నేరమంతా మంచుదే

ఐస్ హాకీ మ్యాచ్ ఓడిపోయిన రోజున ఓస్మో పిక్కరైనెన్ నేరమంతా మంచు మీద మోపేవాడు.

అవతలి జట్టు బాగా ఆడిందని గానీ, రిఫరీ కళ్ళు మూసుకున్నాడని గానీ, తమ అదృష్టం బాగాలేదని గానీ అతని నోట ఎవరూ వినలేదు. మంచు. ఎప్పుడూ మంచే. ఒకనాడు అది మరీ వెచ్చగా ఉండేది. ఇంకోనాడు మరీ లేతగా ఉండేది. మరోనాడు మొదటి రెండు భాగాల్లో బుద్ధిగా ఉండి మూడో భాగంలో అవతలివాళ్ళ వైపు వాలిపోయేది. ఓ ఫిబ్రవరిలో తన కొస్కిలహ్తి జట్టు సొంతూళ్ళోనే చిత్తుగా ఓడినప్పుడు, రేడియోవాళ్ళ ముందు నిలబడి, "ఐసుకి రాత్రి నిద్ర పట్టలేదండీ. మొహం చూస్తే తెలియడం లేదూ?" అన్నాడు.

ఓస్మోకి ముప్పై ఎనిమిదేళ్ళు. తలుపంత మనిషి. డిఫెండరు. ముందుపళ్ళు రెండు ఏ ఊళ్ళో రాలిపోయాయో అతనికే గుర్తులేదు. అంతటివాడూ మంచు ప్రసక్తి వచ్చేసరికి అత్తగారి మీద చాడీలు చెప్పే కొత్తకోడలిలా అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, మొదలుపెట్టేవాడు. పత్రికలవాళ్ళు కలాలు పట్టుకుని దగ్గరికి జరిగేవాళ్ళు.

ఇంతకీ ఆ మంచు ఇర్యా కెట్టునెన్ చేతి మంచు.

ఆగస్టులో ఊరు ఊరంతా బకెట్లు పట్టుకుని నీలిపళ్ళు కోసుకోవడానికి అడవికి పోతే, ఇర్యా మాత్రం ఖాళీ స్టేడియంలో చల్లబరిచిన నేల మీద గొట్టం పట్టుకుని పలచగా నీళ్ళు చల్లుతూ, అది గట్టిపడ్డాక మళ్ళీ చల్లుతూ, పొర మీద పొరగా మంచు గచ్చు కట్టేది. మ్యాచ్ మధ్యలో ఆటగాళ్ళు విశ్రాంతికి వెళ్ళినప్పుడు పెద్ద యంత్రబండి ఎక్కి, గీతలు పడ్డ గచ్చును చుట్లు చుట్లుగా నున్నచేసేది. బండి దిగి వెనక్కి చూస్తే గచ్చు అద్దంలా ఉండేది. జనం ఆట చూడటానికి వస్తారు గానీ, ఇర్యా దృష్టిలో అసలు చూడవలసింది ఆ అద్దాన్నే. ఆ తరవాత జరిగేదంతా దాన్ని పాడుచేయడమే.

అటువంటి మనిషి ఉదయం కాఫీ ముందు కూర్చుని పేపరు తెరిస్తే, 'మంచుకి నిద్ర చాలలేదు: పిక్కరైనెన్' అని ఉండేది. రొట్టెల కొట్టుకి వెళ్తే, "ఏం ఇర్యా, నిన్నైనా పడుకుందా?" అని కొట్టావిడ అడిగేది. చర్చిలో పాట అయ్యాక పాస్టరు కూడా మెల్లగా, "ఏటవాలు సరిచేశావా అమ్మా?" అన్నాడు.

"దేవుడి ఇంట్లో ఉన్నాను కాబట్టి ఊరుకుంటున్నాను," అంది ఇర్యా.

ఆ ఏడు సంగతి వేరు. కొస్కిలహ్తి జట్టు ఎన్నో ఏళ్ళ తరవాత పెద్ద లీగులోకి ఎక్కింది. సెప్టెంబరు వచ్చేసరికి ఊళ్ళో ప్రతి కిటికీలోనూ జట్టు కండువా వేలాడుతోంది. అంతలో సీజన్‌కి ముందాడిన సన్నాహక మ్యాచ్‌లో పెద్ద గోల్‌కీపరు మోకాలు విరిగింది. క్రిస్మస్ దాకా లేవడన్నారు. ఇక మిగిలింది ఏలిస్. ఇరవై ఒక్కేళ్ళవాడు, నెమ్మదస్తుడు, పెద్ద లీగులో ఒక్క నిమిషమైనా ఆడనివాడు. మ్యాచ్ రోజున ముద్ద మింగలేడు. గోలు పడితే ఇంటిపైకప్పు ఎగిరిపోయినట్టు పైకి చూస్తాడు.

కోచ్ రాయిమో మొదటి రోజే అందరినీ పిలిచి, "వాడు నిలబడితే మనం నిలబడతాం. వాడు కూలితే వచ్చే ఏడు మళ్ళీ కింది లీగు బస్సే," అన్నాడు. ఏలిస్ ఆ గదిలోనే ఉన్నాడన్న సంగతి రాయిమోకి చెప్పేశాక గుర్తొచ్చింది.

మొదటి మ్యాచ్ సొంతూళ్ళో. జట్టు ప్రాణం పెట్టి ఆడింది. చివర్లో అవతలివాడొకడు మధ్యగీత దగ్గర నుంచి, ఇక చేసేదేమీ లేక, నల్ల రబ్బరు బిళ్ళని ఊరికే తోశాడు. అది తీరిగ్గా జారుకుంటూ వచ్చి ఏలిస్ కాళ్ళ మధ్య నుంచి గోల్లోకి వెళ్ళి కూర్చుంది. స్టేడియం మొత్తం ఒక్కసారి "అయ్యో" అంది. ఆ 'అయ్యో' గోలు కన్నా ఘోరంగా వినపడింది.

ఆట అయ్యాక నడవాలో పత్రికలవాళ్ళు ఏలిస్‌ని గోడకి ఆనించేశారు. వాళ్ళలో ముందుండేవాడు స్థానిక పత్రిక సాకారి.

"ఏలిస్, అంత నెమ్మదిగా వచ్చిన బిళ్ళ ఎలా వదిలేశావు? భయపడ్డావా?"

ఏలిస్ నోరు తెరిచాడు. ఇంతలో వెనక నుంచి ఒక కాలికి స్కేటు, ఒక కాలికి చెప్పు, భుజాన తువ్వాలుతో ఓస్మో ఊడిపడ్డాడు.

"వాణ్ణేం అడుగుతారు? ఆ గోలు ఐసు కొట్టింది!"

"ఐసా?"

"గోలు ముందు ఇంతెత్తున లేచింది. చీమలపుట్ట అనుకోండి. బిళ్ళ దాన్నెక్కి దిగింది. నా కళ్ళతో చూశాను."

"రెండో భాగంలో అదే గోలు దగ్గర అవతలి కీపరు కూడా నిలబడ్డాడు కదా?" అన్నాడు సాకారి.

"అప్పుడు పడుకుని ఉంది. మనవాడు రాగానే లేచింది. ఇర్యా ఐసు సంగతి మీకు తెలీదు, దానికి మనుషుల్ని చూసి ప్రవర్తించే గుణముంది!"

అందరూ పగలబడి నవ్వారు. రాసుకున్నారు. ఏలిస్ ఎప్పుడు వెళ్ళిపోయాడో ఎవరూ గమనించలేదు. మర్నాడు పేపర్లో ఓస్మో ఫోటో, కింద చీమలపుట్ట కథ.

ఇర్యా ఆ ఉదయం కాఫీ తాగలేదు. మేస్త్రీ దగ్గర రసమట్టం అరువు తెచ్చుకుని, జట్టంతా ప్రాక్టీసు చేస్తూ ఉండగా రబ్బరు బూట్లతో మంచు మీదికి నడిచింది.

"ఓస్మో! ఇలా రా. వంగు. ఏదీ పుట్ట?"

గోలు ముందు రసమట్టం పెట్టింది. బుడగ సరిగ్గా మధ్యలో నిలిచింది. అటు తిప్పి పెట్టింది. మధ్యలోనే. ఓస్మో మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కన్ను మూసి, చాలాసేపు పరీక్షించాడు.

"బుడగ కూడా నీ పక్షమే," అన్నాడు.

"పేపరువాళ్ళకి ఫోన్ చేసి తప్పయిందని చెప్తావా లేదా?"

"ఎలా చెప్పను ఇర్యా? మంచుకి మనసు మారింది గానీ నిన్న ఉన్నది ఉన్నదేగా."

జట్టంతా కర్రల మీద వాలి నవ్వింది. "మళ్ళీ!" అని రాయిమో ఈల వేశాడు. వాళ్ళు నవ్వాపి మళ్ళీ పరిగెత్తారు. ఓడిన మర్నాడు ఆ జట్టు ఎప్పుడూ ముందే వచ్చేది, ఆలస్యంగా వెళ్ళేది. అందరూ వెళ్ళాక కూడా ఏలిస్ గోల్లో నిలబడేవాడు. ఓస్మో ఎదురుగా నిలబడి వరసగా కొట్టేవాడు. "ఇంకోటి," అనేవాడు ఏలిస్. బండి తియ్యాలని ఇర్యా అంచున చేతులు కట్టుకుని ఎదురుచూసేది.

రెండో మ్యాచ్ బయటి ఊళ్ళో ఓడారు. ఆ మర్నాడు ఇర్యాకి ఫోన్ వచ్చింది. ఆ ఊరి స్టేడియంలో మంచు చేసే పెద్దాయన.

"ఏమ్మా, మీ పిక్కరైనెన్‌కి ఏమైనా తిక్కా? మా ఐసు ఏడుపుగొట్టు ఐసని టీవీలో చెప్పాడు!"

"అక్కడ కూడానా?"

"నలభయ్యేళ్ళుగా చేస్తున్నాను. ఏడుపుగొట్టని అనిపించుకోలేదు."

"మాది చీమలపుట్టన్నాడు లెండి," అని ఇర్యా ఓదార్చింది. ఫోన్ పెట్టేశాక మనసు కాస్త తేలికపడింది. దానితోపాటు, ఎందుకో తనకే అర్థంకాని చిన్న అసూయ కూడా కలిగింది.

మూడో మ్యాచ్ నాటికి ఆమె నిశ్చయించుకుంది. ఈసారి అతను నోరు తెరిచినప్పుడు పత్రికలవాళ్ళ ముందే కడిగెయ్యాలి. ఆ సంగతి సాకారికి కూడా చెవిన వేసింది. సాకారి కలంలో కొత్త సిరా నింపుకుని వచ్చాడు.

ఆ శనివారం జట్టు అద్భుతంగా ఆడింది. ఏలిస్ చేతికి అందినదీ అందనిదీ ఆపాడు. స్కోరు సమంగా ఉంది. ఇంకాసేపట్లో ఆట ముగుస్తుందనగా ఓస్మో తమ గోలు వెనక నుంచి బిళ్ళ తీసుకుని, తలెత్తి చూసి, ఎంతో నిదానంగా, ఎంతో ముచ్చటగా, నేరుగా అవతలి జట్టువాడి కర్రకి అందించాడు. పళ్ళెంలో పెట్టి ఇచ్చినట్టు ఇచ్చాడు. వాడు కొట్టాడు. ఓడారు.

నడవాలో ఇర్యా రసమట్టం చంకన పెట్టుకుని ముందే నిలబడింది. ఓస్మో వచ్చాడు.

"ఇవాళ ఐసు ఎలా ఉంది ఓస్మో?" అన్నాడు సాకారి, ఇర్యా వైపు కన్నుకొట్టి.

"ఐసుకేం? అద్దం!" అన్నాడు ఓస్మో. "ఇర్యా ఐసులాంటిది ఈ దేశంలోనే లేదు. తప్పు నాది. ముసలి గాడిదని, కళ్ళు కనపడక బిళ్ళ వాడికిచ్చాను. అదే రాసుకోండి, పెద్దక్షరాల్లో."

అనేసి స్నానానికి వెళ్ళిపోయాడు. ఇర్యా కూడబెట్టుకున్న తిట్లన్నీ రసమట్టంతో పాటు వెనక్కి మోసుకుపోయింది.

ఆమె బండి పక్కన కూర్చుని ఆలోచించింది. మంచులో పుట్ట మొలిచిన రోజు తప్పు ఎవరిది? ఏలిస్‌ది. బయటి ఊళ్ళో మంచు ఏడ్చినప్పుడు? కాలు జారి పడ్డవాడు నిన్నగాక మొన్న జట్టులో చేరిన డిఫెండరు. ఆ ఫిబ్రవరిలో నిద్ర పట్టనిది మంచుకి కాదు, తల్లిని ఆస్పత్రిలో పెట్టుకుని ఆడటానికొచ్చిన ఇంకో కుర్రాడికి. మరి పోయినేడు ఓస్మో పొరపాటున సొంత గోల్లోకే కొట్టుకున్నప్పుడు? ఆ రోజూ 'అద్దం' అన్నాడు. ఆమె ఆ మాటకి మురిసిపోయి, ఎందుకన్నాడో ఆలోచించలేదు.

తిన్నగా వెళ్ళి స్కేట్లు తుడుచుకుంటున్న అతని ముందు నిలబడింది.

"ఇవాళ్టి ఐసు మొదటి మ్యాచ్ ఐసే. ఏం మారింది?"

"ఊరింది. ఊరితే రుచి."

"ఓస్మో!"

అతను అటూ ఇటూ చూశాడు. "పేపర్లో మనకిచ్చే చోటు ఇంతే. దాన్ని ఏదో ఒకదానితో నింపాలిగా. ఐసు పేపరు చదవదు ఇర్యా. ఏలిస్ చదువుతాడు."

"నేను చదువుతానే!"

"నువ్వు చదివితే నీకు కోపం వస్తుంది. వాడు చదివితే వాడికి భయం వేస్తుంది. కోపమొచ్చిన మర్నాడు నువ్వు చేసే ఐసు ఉంటుందే..." ఓస్మో వేళ్ళు ముద్దుపెట్టుకున్నాడు.

ఇర్యా రసమట్టంతో పక్కనున్న అతని హెల్మెట్ మీద ఒక్కటిచ్చి వెళ్ళిపోయింది.

నాలుగో మ్యాచ్‌లో ఓస్మో మూతికి ఎవరిదో కర్ర తగిలింది. డాక్టరు లోపలికి తీసుకెళ్ళి పెదవులకి కుట్లు వేయడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే ఏలిస్ గోలు వదిలి ముందుకు వచ్చి, బిళ్ళని తన్నబోయి గాలిని తన్నాడు. బిళ్ళ ఖాళీ గోల్లోకి నడిచి వెళ్ళింది. మళ్ళీ 'అయ్యో'. మళ్ళీ ఓటమి.

నడవాలో పత్రికలవాళ్ళు ఏలిస్ చుట్టూ మూగారు. వాడు తువ్వాలులో మొహం దాచుకున్నాడు. "వచ్చే మ్యాచ్‌లో దిగే ధైర్యం ఉందా?" అంటున్నాడు సాకారి. లోపల గదిలోంచి "మ్మ్! మ్మ్మ్!" అని ఓస్మో కేకలు, "కదలకయ్యా!" అని డాక్టరు కేకలు.

ఇర్యా బండి దిగింది. గుంపులోకి చొరబడింది.

"వాడి తప్పు కాదు. ఐసు పాడైంది."

సాకారి కలం ఆగిపోయింది. "మీరా ఈ మాట అంటున్నది?"

"నేనే. నీళ్ళు పోసేటప్పుడు విసుక్కున్నాను. దానికి అలక వచ్చింది. పొద్దున్నుంచీ పలకరిస్తే పలకదు. మీరే వెళ్ళి చూడండి, ఆ మూలంతా మూతి ముడుచుకుని ఉంది. కుర్రాడు తన్నబోతే పక్కకి జరిగింది, నేను చూశాను. అసలు దానికి చిన్నప్పటి నుంచీ..."

మొదలుపెట్టాక ఆపడం ఆమె వల్ల కాలేదు. పత్రికలవాళ్ళు గోడలు పట్టుకుని నవ్వారు. తువ్వాలు వెనక నుంచి కూడా ఒక నవ్వు వినపడింది. సెప్టెంబరు మొదలైనప్పటి నుంచీ ఏలిస్ నవ్వడం అదే మొదలు. తలుపు దగ్గర కుట్లు పడ్డ మూతితో ఓస్మో నిలబడి, తన ఉద్యోగం ఎవరో లాక్కున్నట్టు చూస్తున్నాడు.

"నిజంగా మూతి ముడుచుకుందా అక్కా?" అన్నాడు ఏలిస్, అందరూ వెళ్ళాక.

"నువ్వు అన్నం తిని వస్తే విప్పుతుంది," అంది ఇర్యా.

ఐదో మ్యాచ్‌కి ఏలిస్ తిని వచ్చాడు. మొదటి గోలు పడినప్పుడు పైకి చూడలేదు. కింద మంచు వంక చూసి, కర్రతో దాన్ని రెండుసార్లు తట్టి, మళ్ళీ వంగి నిలబడ్డాడు. ఆ తరవాత ఇంకేదీ దాటనివ్వలేదు. చివరి నిమిషంలో ఓస్మో అడ్డంగా పడుకుని ఒక షాటు వీపుతో ఆపాడు, దాని వెనక వచ్చినది ఏలిస్ చేతిలో పడింది. రెండు ఒకటితో కొస్కిలహ్తి గెలిచింది. స్టేడియం ఊగిపోయింది. జట్టంతా ఏలిస్ మీద పడింది. కాళ్ళు తప్ప వాడు కనపడలేదు.

సాకారి ఓస్మో దగ్గరికి పరిగెత్తాడు. "ఇవాళైనా ఐసు బాగుందని ఒప్పుకుంటావా?"

ఓస్మో ఆ గుట్ట వైపు చూశాడు. బండి ఎక్కబోతున్న ఇర్యా వైపు చూశాడు.

"బాగుండటమా!" అన్నాడు కుట్ల మధ్య నుంచి. "ఇంత దిక్కుమాలిన ఐసు నా జన్మలో చూడలేదు. ఇలాంటి ఐసు మీద అన్ని షాట్లు ఆపాడంటే కుర్రాడెంత మొనగాడో ముందది రాసుకో!"

సాకారి ఇర్యా వైపు తిరిగాడు. "మీరేమంటారు?"

"నిజమే," అంది ఇర్యా, బండి స్టార్ట్ చేస్తూ. "ఇంత దిక్కుమాలినట్టు చేయడానికి పొద్దున్నుంచీ నడుం విరిగింది. నా పేరు కూడా రాయండి."