ఎనిమిది మిల్లీమీటర్ల మైల

బేరిగై ఊరి గంగాభవానికి యాభై తొమ్మిదేళ్ళు. ఎకరం టమోటా తోట, ఆరు గొర్రెలు, ఒక కోడలు ఆమె ఆస్తి. వీటన్నిటికీ మించిన హోదా ఇంకొకటి ఉంది: మారెమ్మ పండగకు ఊరి తరపున మొదటి దీపం ఎత్తడం. ముట్లుడిగిన ఆడవాళ్ళకే ఆ గౌరవం. ఆరేళ్ళ కిందట అర్హత రాగానే, పదవీ స్వీకారం చేసినంత గంభీరంగా ఆమె దీపం నెత్తికెత్తుకుంది.

ఈ ఏడు పండగ పది రోజులుందనగా, కడుపులో గ్యాసని హోసూరు వెళ్ళి స్కాన్ తీయించుకుంది. స్కాన్ గ్యాసును పట్టించుకోలేదు. గర్భసంచి లోపలి పొర ఎనిమిది మిల్లీమీటర్ల మందం ఉందని తేల్చింది.

“రక్తం ఏమైనా కనబడిందా?” అంది డాక్టరు అమృత.

“ఆరేండ్లుగా బొట్టు లేదమ్మా.”

“అయితే భయపడే పని లేదు. ఆరు నెలలకు మళ్ళీ చూద్దాం. మధ్యలో రక్తం కనబడితే మాత్రం ఆ రోజే రావాలి.”

రోగం లేదు, మందు లేదు, నిశ్చింతా లేదు. వెంట వచ్చిన కోడలు నళిని ఇదంతా బస్సులోంచే ఫోనులో, ఊళ్ళోనే ఉన్న వాళ్ళమ్మకు విన్నవించింది. బస్సు కన్నా వార్తే ముందు ఊరు చేరింది.

గంగాభవానికి తోడికోడలు కోటమ్మ వీధిలోనే అడ్డం తగిలింది. “పొర పెరగతా ఉందంట కదా? అంటే ముట్టు ఆగలేదనే కదమ్మా!”

“ఆగి ఆరేండ్లాయె గదక్కా!”

“బయటికి ఆగింది. లోపల యాడ ఆగింది?”

పంచాయితీ కాస్తా మారెమ్మ గుడి పూజారి రామప్ప దగ్గరికి పోయింది. ఆయన కళ్ళు మూసుకుని, జీవితంలో మొదటిసారి గర్భసంచి గురించి ఆలోచించాడు. “డాక్టరమ్మతో రాయించుకొని రామ్మా” అన్నాడు.

గంగాభవాని పళ్ళు కొరుక్కుంటూ మళ్ళీ హోసూరు బస్సెక్కింది. అమృత నవ్వాపుకొని, ముట్లు ఆగిపోయాయనీ, ఏ లక్షణమూ లేదనీ, ఆరు నెలలకు మళ్ళీ పరీక్ష అనీ రాసిచ్చింది. రామప్ప ఆ చివరి ముక్క దగ్గరే ఆగాడు.

“ఆరు నెల్లకి మళ్ళా చూస్తానని చదువుకున్న ఆయమ్మే అంటా ఉంటే, ఇప్పుడే తీర్పు చెప్పేదానికి నేనెవురమ్మా?”

పండగనాడు మొదటి దీపం కోటమ్మ నెత్తికెక్కింది. ఆమె అర్హతల్లా, అరవై మూడేళ్ళలో ఏ యంత్రమూ ఆమె కడుపులోకి తొంగి చూడకపోవడమే. గంగాభవాని వట్టి చేతులతో వెనక నడిచింది. గుడి దగ్గరపడ్డాక ఇక ఉండబట్టలేక కోటమ్మ పక్కకొచ్చింది.

“అక్కా, ఆరు నెల్లకి నేను స్కాన్‌కి పోయేటప్పుడు నిన్నూ తీసకపోతా. నీకెన్ని మిల్లీమీటర్లో చూపించుకుందాం.”

కోటమ్మ నెత్తిన దీపం ఊగింది. “నాకెందుకమ్మా? నాకే నొప్పీ లేదే!”

“గ్యాసు తప్ప నాకు మాత్రం ఏముండింది?”