వంకర దుంపలే ఇంటికి

యసుకిచి యాభై ఏళ్లు మా ఇజు కొండవాగులో వసాబి పండించాడు. చల్లటి పారే నీళ్లలో ఏడాదిన్నర పెరిగితే గానీ ఆ ఘాటు దుంప అమ్మకానికి రాదు. తిన్నగా పెరిగినవన్నీ టోక్యో హోటళ్లకు పంపి, వంకరవే ఇంట్లో తినేవాడు. నిరుడు తుఫానుకు మడులన్నీ కొట్టుకుపోతే, ఒక్కొక్క రాయీ పేర్చుకుని మళ్లీ నాటాడు. ఆ పంట చేతికి రాకముందే పోయాడు.

అంత్యక్రియల భోజనానికి పట్నం నుంచి సుషీ తెప్పించారు. ప్రతి పెట్టెలోనూ చిన్న ప్యాకెట్టు, అందులో నంజుకునే ఆకుపచ్చ ముద్ద. అది వసాబి కాదు, రంగు కలిపిన ఏదో చవక వేరు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏంటి వదినా ఇది? ఆయన చావుకి కూడా ఈ రంగు ముద్దేనా? మడిలో ఒక్క వంకర దుంపైనా దొరకలేదా?" అని ఆయన భార్య తొమియేని నిలదీశాను.

"వంకరదో తిన్ననిదో ఇంకో ఆర్నెల్లు ఆగితేగానీ తెలీదు తమ్ముడూ. రెండు వేల యెన్లు పలికేదాన్ని వేలెడంత ఉన్నప్పుడే పీకితే మీ అన్నయ్య లేచొచ్చి తిట్టడూ?" అంది.

ప్యాకెట్టు చింపాను. రంగు ముద్దే అయినా, కళ్లనీళ్లు మాత్రం అసలుదానికి వచ్చినట్టే వచ్చాయి.