ఎర్ర దారం కట్టిన బొప్పాయి చెట్టు

మా ఆవిడ పోయి నెల కావస్తోంది. ఆసుపత్రిలో చేరిన పదమూడో రోజు ఉదయం పోయింది. కబురు అందరికీ నేనే చెప్పాను. కంది ఊళ్లోని ఒక్క బొప్పాయి రైతుకు మాత్రం మొన్నటిదాకా చెప్పలేదు. ఈ నాలుగు మాటలు రాయడానికి అదీ ఒక కారణం.

ఆమె పటాన్‌చెరు దగ్గర ఒక ప్రయోగశాలలో బొప్పాయి వైరస్‌ల మీద పనిచేసేది. ఆకును పసుపు మచ్చలతో పాడుచేసి, కాయ మీద ఉంగరాల్లాంటి గుర్తులు వేసే తెగులు అది. ఊరూరా తిరిగి ఆకులు తెచ్చేది. వాటిలోని వైరస్ జన్యువుల వరసలను పక్కపక్కన పెట్టి, ఎక్కడ తేడా వచ్చిందో చూసేది. నేను పటేల్‌గూడ నుంచి రోజూ ఫ్యాక్టరీకి వెళ్లి, తయారైన బోల్టులు నమూనాతో సరిపోయాయా లేదా అని చూసేవాణ్ణి.

"మీ బోల్టులే నయం. నిన్న ఎట్లున్నయో ఇయ్యాల గట్లనే ఉంటయి," అనేది. "నావి తోట తోటకు మారుతయి. పేరు మాత్రం ఒక్కటే."

ఆకు కోసే ముందు దాన్ని ఎండకు ఎదురుగా పట్టి, తల పైకెత్తి కింది నుంచి చూసేది. పెళ్లిళ్లకు వెళ్లినా పెరట్లో బొప్పాయి కనబడితే అంతే. ఆదివారం తెచ్చిన ఆకులు సోమవారం దాకా మా ఫ్రిజ్‌లో కాగితపు కవర్లలో ఉండేవి. ఒకసారి కరివేపాకు కోసం ఒక కవరు విప్పాను.

"పోపుల వేసేరు! నా నెల రోజుల పని చారైతది," అని లాక్కుంది.

కందిలో ఆ రైతుకు ఒక కాలేజీ క్యాంపస్ గోడకు అవతల మూడెకరాల బొప్పాయి తోట ఉంది. వాళ్లకు అదే ఆధారం. తెగులు సోకిన చెట్టుకు మా ఆవిడ ఎర్ర దారం కట్టేది. దారం ఉన్న చెట్టును పీకి పారేయాలి. మొదటిసారి రెండు చెట్లకు కట్టి వచ్చింది. వారం తర్వాత ఇద్దరం వెళ్లేసరికి ఆ వరసలో అన్ని చెట్లకూ ఎర్ర దారాలే. పైగా పసుపు, కుంకుమ.

"రెండింటికే కడితిరి మేడం. మిగిలినయి ఏం పాపం చేసినయి? వాటికి దిష్టి తగలదా?" అంది రైతు భార్య.

మా ఆవిడ నవ్వి నవ్వి గట్టు మీద కూర్చుంది. తర్వాత వాళ్లకు విడమరిచి చెప్పింది. కారు ఎక్కాక మాత్రం నవ్వలేదు. "పేనుబంక ఒక ఆకు రసం పీల్చి ఇంకో ఆకు మీద వాలితే చాలు, అంటుకుంటది. దానికి వారం ఇచ్చినం," అంది.

ఈ ఏడాది గట్టు చివరి చెట్టుకు మళ్లీ దారం కట్టింది. ఆ ఒక్క చెట్టులోనే రెండు రకాల వైరస్ కనిపించిందట.

"రెండు కలిస్తే మూడోది పుట్టొచ్చు. అది ఎట్లుంటదో నాకు తెల్వదు," అంది. తన పని గురించి ఆ మాట ఆమె నోట నేను అంతకుముందు వినలేదు.

ఇంకొక్క ఆకు కావాలని, మంగళవారం వచ్చి తీసుకుంటానని, అప్పటిదాకా చెట్టును ఉంచమని రైతుకు చెప్పింది. మంగళవారం నాటికి ఆసుపత్రిలో ఉంది.

"నేను పోలేను. పీకెయ్యమని ఫోన్ చెయ్యండి," అంది నాతో.

ఫోన్ చేస్తే ఆమె ఎందుకు రాలేదో చెప్పాలి. వరండాలోకి వెళ్లాను. ఫోన్ చేతిలో పట్టుకుని కాసేపు నిలబడి, లోపలికి వచ్చాను.

"చెప్పిండ్రా?"

"చెప్పిన."

మర్నాడు మళ్లీ అడిగింది. "పీకిండా?"

"పీకిండు."

కళ్లు మూసుకుంది. ఆ తర్వాత తోట ఊసు ఎత్తలేదు.

మొన్న కందికి వెళ్లాను. రైతు దూరం నుంచే చూసి ఎదురొచ్చాడు.

"మేడం మంచిగున్నదా సార్? ఫోన్ కలుస్తలేదు. చెట్టును ఆమె కోసమే ఆపినం. చెయ్యి గూడ పెట్టలే."

చెప్పాను. ఆయన తలపాగా విప్పి చేతిలో పట్టుకున్నాడు. ఆయన భార్య గట్టు మీద, మా ఆవిడ నవ్వుతూ కూర్చున్న చోటే కూలబడింది. కాసేపటికి రైతు గడ్డపార తెచ్చాడు. ఇద్దరం కలిసి చెట్టును పీకాము. విరిగిన చోట పాలు కారాయి.

పక్క వరసలో ఒక ఆకును ఎండకు ఎదురుగా పట్టి, తల పైకెత్తి చూశాను. నాకు ఆమె చదువు లేదు. కానీ ఆ పసుపు నాకు తెలుసు. దాని పక్క చెట్టు చూశాను. తర్వాతి వరస చూశాను.

రైతు భార్య ఇంట్లోకి వెళ్లి, మా ఆవిడ ఇచ్చిపోయిన దారపు ఉండ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఏయే చెట్లకు కట్టాలె సార్?"

ఒక్కో ఆకూ ఎత్తి చూస్తూ కట్టుకుంటూ పోయాను. రైతు గడ్డపార పట్టుకుని వెనకే వస్తున్నాడు. రెండో వరస సగంలో దారం అయిపోయింది.