షెడ్డు కప్పు మీద ఇవతన్ భాష

భాషను తల్లి అని పిలిచి, పటం కట్టి దండ వేసే అలవాటును నేను కాలేజీ చర్చావేదికల రోజుల నుంచీ వ్యతిరేకిస్తున్నాను. బర్మింగ్‌హామ్‌లో మనవాళ్ల సభలకు వెళ్లినప్పుడల్లా చూస్తుంటాను: దీపం వెలిగిస్తారు, పిల్లల చేత అర్థం తెలియని పద్యం చెప్పిస్తారు, స్టేజీ దిగగానే ఆ పిల్లలు ఇంగ్లీషులో చిప్స్ అడుగుతారు. పని లేని భాషకు ఎన్ని దండలు వేసినా నోరు రాదు. ఈ వాదన నాదే అయినా, దాన్ని నాకు కళ్లారా చూపించింది న్యూకాసిల్‌లో నేను డాక్టరుగా పనిచేసే వార్డు నర్సు.

ఆమెది ఫిలిప్పీన్స్. పరిచయమైన రోజు "మీ భాష టగాలోగ్ కదా?" అన్నాను, ఆ దేశంలో అందరిదీ అదేననుకుని.

"మీది హిందీ కదా?" అంది, రాస్తున్న చార్టు మీంచి తల ఎత్తకుండా.

నాది తెలుగని చెప్పి, ఆమెది ఏమిటని అడిగాను. ఆమెది ఇవతన్. ఆ దేశపు ఉత్తరపు కొసన, తుపానులకు ఎదురుగా ఉన్న బతానెస్ దీవుల భాష. టగాలోగ్, మలయ్‌ల ఆస్ట్రోనేషియన్ కుటుంబమే అయినా, టగాలోగ్ వచ్చినంత మాత్రాన ఇది అర్థం కాదు. మా చుట్టుపక్కల దాన్ని మాట్లాడేవాళ్లంతా ఒక మినీబస్సులో పట్టేస్తారు.

ఆ అక్టోబరులో ఆమెకొక దిగులు పట్టుకుంది. ఈస్టర్ సెలవుల్లో పదకొండేళ్ల కూతురిని మొదటిసారి ఊరికి తీసుకువెళ్లబోతోంది. అక్కడ రాతిగోడల ఇళ్లకు మందంగా గడ్డి కప్పుతారు. కప్పు మార్చాల్సి వచ్చినప్పుడు ఊరంతా కలిసి పని చేస్తుంది. దాన్ని యారు అంటారు. ఈసారి వంతు వాళ్లమ్మ ఇంటిది. ఆ ముసలావిడకు ఇంగ్లీషు రాదు. మనవరాలికి ఇవతన్ అర్థమవుతుంది గానీ, నోరు తెరిస్తే న్యూకాసిల్ ఇంగ్లీషే.

"పనిలో మాట అందుకోలేకపోతే దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు డాక్టర్," అంది. "మా ఊళ్లో పని చెయ్యనిది చుట్టాలే. మా అమ్మ ఇంట్లో నా కూతురు చుట్టం కాకూడదు."

నేను వెంటనే రంగంలోకి దిగాను. ఆమె చేత మాటలు రాయించుకుని, బొమ్మలు అతికించి కార్డులు చేశాను. వారానికో పరీక్ష, చివర్లో సర్టిఫికెట్.

మా ఆవిడ చూసి, "ఏమండీ, నార్తాంప్టన్‌లో ఉన్న మన పిల్లకు తెలుగు నేర్పడంలో పనిచెయ్యని కార్డులు ఈ పిల్ల మీద పనిచేస్తాయా?" అంది.

పనిచెయ్యలేదు. ఆ పిల్ల పరీక్షలన్నీ పాసై, వాళ్లమ్మకు మాత్రం ఇంగ్లీషులోనే జవాబిచ్చింది. నేను తిట్టిపోసే పూజనే దీపం లేకుండా నేనూ చేశానన్నమాట.

జనవరి గాలివానకు, కౌన్సిల్ మాకు అద్దెకిచ్చిన కూరగాయల మడిలో షెడ్డు కప్పు లేచిపోయింది. వార్డులో ఆ గోడు వెళ్లబోసుకున్నాను. ఆదివారం పొద్దున్నే మినీబస్సెడు మంది దిగారు, నిచ్చెనలతో, చేపలకూర గిన్నెలతో. నర్సు ఒకటే షరతు పెట్టింది: కప్పు పూర్తయ్యేదాకా ఎవరూ ఇంగ్లీషు మాట్లాడకూడదు, నేను కూడా.

నేను మూగవాడిలా మేకులు అందించాను. పిల్లను నిచ్చెన మధ్య మెట్టు మీద నిలబెట్టారు. పైవాళ్లకు ఏం కావాలో కిందివాళ్లకు ఆ పిల్లే చెప్పాలి. మొదట గొణిగింది. ఎవరూ మెచ్చుకోలేదు, తప్పులు దిద్దలేదు. మాట రాకపోతే చెక్క రాలేదు, అంతే. మధ్యాహ్నానికి, నేను చెక్కను తలకిందులుగా ఎత్తుతున్నానని ఆ పిల్ల నన్ను ఇవతన్‌లో కసిరింది. ఒక్క ముక్క తెలియని నాకు మొత్తం అర్థమైంది. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఎవరి ఇంట్లోనో ఒకరింట్లో ఏదో ఒక పని పుట్టించారు. అన్నిటికీ అదే షరతు.

ఈస్టర్ వారంలో నర్సు ఊరి నుంచి వీడియో కాల్ చేసింది. వెనక సగం కప్పిన ఇల్లు, గడ్డిమోపులు అందిస్తున్న మనుషుల వరుస, ఆ వరుస మధ్యలో పిల్ల. ఒక ముసలావిడ చెయ్యి ఊపుతూ దాన్ని దులిపేస్తోంది. పిల్ల కూడా అంతే జోరుగా జవాబిస్తోంది. ఏమైందని కంగారుగా అడిగాను.

"మోపు వదులుగా కట్టిందట. అమ్మ తిడుతోంది," అంది నర్సు. మొహం వెలిగిపోతోంది. "చుట్టాలను ఎవరైనా తిడతారా డాక్టర్?"

మా అమ్మాయి వచ్చే ఆదివారం నార్తాంప్టన్ నుంచి వస్తోంది. బాగున్న కంచెనే పడగొట్టి ఉంచాను.