మనుషుల్ని తుడిచే పని

ఊళ్లో అతన్ని రబ్బరు అంటారు. ఎదురుగా రబ్బరన్న, వెనకాల రబ్బరుగాడు. పేరు పెట్టింది అతని పని.

అడవిలో పన్నెండు చెట్లకు మోకాలెత్తున పన్నెండు కెమెరాలు కట్టి ఉన్నాయి. ముందు ఏది కదిలినా వరసగా మూడు ఫొటోలు తీస్తాయి. అది చిరుతా, ఎండుటాకా, పక్కింటి మనిషా అన్న పట్టింపు వాటికి లేదు. ఆ పట్టింపు ఊరికి ఉంది. వంటచెరుకుకనీ, ఆకులకనీ అడవిలోకి పోని ఇల్లు లేదు. అందుకే కెమెరాలు వచ్చిన రోజునే ఊరి అటవీ సంరక్షణ సంఘం ఫారెస్టు ఆఫీసువాళ్లతో ఒప్పందం రాయించుకుంది. ఊరి మనిషొకడు ముందు కూర్చుని, మనుషులున్న ఫొటోలన్నీ తుడిచేశాకే కార్డులు ఆఫీసుకు పోవాలి. తుడిచేవాడు ఒక్కటి దాచకూడదు. ఫలానావాణ్ణి చూశానని నోరు విప్పకూడదు. అసలే నోరు విప్పని మనిషి కదా అని ఆ పని అతనికి అప్పగించారు.

పదిహేను రోజులకోసారి అడవంతా తిరిగి, కెమెరాల్లో గూడు కట్టిన చీమల్ని ఊదేసి, గోరంత కార్డులు తీసి సంచిలో వేసుకునేవాడు. సంఘం గదిలో తలుపు గడియ పెట్టుకుని, ఓ మూల మసకబారిన కంప్యూటరు ముందు కూర్చునేవాడు. చిరుత కనబడితే దానికో నంబరిచ్చి ఫైలు తెరవాలి. దుప్పి అయితే లెక్క రాయాలి. మనిషైతే తుడిచేయాలి. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు ఆలోచించి పెట్టిన పద్ధతి.

నాలుగేళ్లలో ఊరినంతా తుడిచాడు. ఎవరు ఎవరితో వెళ్లారో, ఎవరు ఒంటరిగా కూర్చుని ఏడ్చారో అతనికి తెలుసు. తెలుసన్న సంగతి ఊరికీ తెలుసు. అందుకే అతను టీకొట్టు మెట్టెక్కితే మాటలు వర్షం మీదికి మళ్లేవి. అతను నవ్వితే ఎవణ్ణి తలుచుకుని నవ్వాడో అనుకునేవారు. నవ్వకపోతే ఏదో కడుపులో పెట్టుకున్నాడనేవారు. భార్య పోయి పదేళ్లు. పిల్లలు లేరు. అద్దం తప్ప అతని మొహంలోకి తిన్నగా చూసేవాళ్లు ఎవరూ మిగల్లేదు.

సొంత అన్న ఉన్నాడు. ఒకే ఇంటికి మధ్యలో గోడ కట్టుకుని అవతలి సగంలో ఉంటాడు. ఏడేళ్ల కిందట ఆయన మొక్కజొన్న చేను చుట్టూ కరెంటు తీగ లాగాడు, అడవిపందుల కోసం. మనిషి తగిలినా అంతే సంగతులు. తమ్ముడు రెండుసార్లు చెప్పి చూశాడు, మూడోసారి వెళ్లి సంఘంలో చెప్పాడు. తీగ పీకేశారు. నాలుగో రోజుకు పందులు పడి చేనులో కర్ర నిలబడి లేదు. ఆ తర్వాత రెండేళ్లకు సంఘం ఊరందరికీ సోలారు కంచెలు ఇచ్చింది, తగిలితే చురుక్కుమనేవే గానీ ప్రాణం తీసేవి కావు. మునిగినవాడు మునిగాక పడవ పంపడం ఆఫీసులకు అలవాటే. అన్న ఆ కంచె వద్దన్నాడు. తమ్ముడి పేరు కూడా ఎత్తడం మానేశాడు.

అలాంటి అన్న ఈ ఎండాకాలం తొమ్మిదో కెమెరాలో పడ్డాడు.

మొదటిసారి దారిన పోతూ పడ్డాడనుకున్నాడు తమ్ముడు. తుడిచేశాడు. పదిహేను రోజులకు మళ్లీ పడ్డాడు. ఈసారి పోవడం లేదు. కెమెరాకు ఎదురుగా గొంతుక్కూర్చుని ఉన్నాడు. నోరు మూడు ఫొటోల్లో మూడు రకాలుగా తెరుచుకుని ఉంది. ఏదో అంటున్నాడు. కెమెరాకు చెవుల్లేవు. మెడ సన్నబడింది, పైవరసలో పన్ను ఒకటి ఊడింది. గోడ అవతల ఉన్న మనిషికి పన్ను ఊడిన సంగతి తమ్ముడికి అలా తెలిసింది.

చాలాసేపు చూసి అవీ తుడిచేశాడు. ఇల్లు చేరాక ఆ నోరే కళ్లముందు ఆడింది. నీళ్లు తాగుతూ అద్దంలో తన నోటిని అలా తెరిచి చూసుకున్నాడు. అది ఏ మాటో అందలేదు.

మూడోసారి కూడా అన్న ఉన్నాడు. అప్పుడు రబ్బరు నాలుగేళ్లలో చేయని పని చేశాడు. ఒక్క ఫొటోను తన ఫోనులోకి ఎక్కించుకున్నాడు. మర్నాడు పొద్దున కుళాయి దగ్గర వదిన ఒక్కతే ఉందనుకుని ఫోను చూపించాడు.

"వదినా, అన్న ఏమంటున్నాడో కాస్త చూసి చెబుతావా? ఆయన నోరు నీకంటే ఎవరికి తెలుసు!"

వదిన చూసింది. మొగుడి నోటిని కాదు, ఫోనును. "ఏమయ్యా, ఇవన్నీ దాస్తున్నావా నువ్వు?"

"అన్నీ కాదు, ఇదొక్కటే..."

వెనక బిందెలు దింపుతున్న ఇద్దరి చెవుల్లో 'దాస్తున్నావా' వరకే పడింది. అంబలిపొద్దుకల్లా ఊరంతా పాకింది. ఎవరో అడవికి పోయి రెండు కెమెరాలు పీకి తెచ్చి సంఘం గది ముందు పడేశారు.

ఆ ఆదివారం ఉదయం పంచాయితీ. సంఘం అధ్యక్షురాలు కుట్టు కేంద్రం నడిపే ఆవిడ, అందరికీ మిషనక్క. ఫోను తీసుకుని అందరిముందూ మొదటినుంచి చివరిదాకా చూసింది. ఉన్నది ఒకే ఒక్క ఫొటో. ఆవిడ ఫోను పక్కకు తిప్పి అన్నను అడిగింది.

"అక్కడ నీకేం పని పెద్దాయనా?"

"తేనెపెట్టెలు చూసుకోడానికి పోయా."

"తేనెపెట్టెలు ఊరికి ఇటుపక్క కదా! ఆ ఈగలకైనా దారి తెలుసు."

నవ్వులు లేచాయి. అన్న చెవులు ఎర్రబడ్డాయి. "తిడుతున్నా," అన్నాడు.

"ఎవర్ని?"

"ఎవర్ని తిడతాను? వీణ్ణే. ఇంట్లో తిడదామంటే మా ఆవిడ ఊరుకోదు. బజార్లో తిడితే మీరంతా చుట్టూ చేరతారు. అక్కడైతే వీడొక్కడే చూసి తుడిచేస్తాడు."

"ఇంతకీ ఏమని తిట్టావ్?"

"అది మీకెందుకు? మా ఇంటి సంగతి."

తమ్ముడు తలెత్తాడు. ఏడేళ్లలో ఎన్నడూ ఆ 'మా'లో తనకు చోటు దొరకలేదు. తిన్నగా అన్ననే అడిగాడు.

"మూడుసార్లు వచ్చావు కదన్నా. ఇంకా అయిపోలేదా?"

అన్న మిషనక్క వైపు తిరిగాడు. "అయిపోలేదని చెప్పమ్మా వాడికి. చాలా ఉంది."

మళ్లీ నవ్వారు. ఈసారి రబ్బరు కూడా నవ్వాడు. అంతటితో ముగిసిపోయేదే. కానీ వెనక నుంచి ఒకావిడ లేచింది. "అన్నదమ్ములు బాగానే ఉన్నారు. రేపు మా ఆయన ఫొటో దాయడని ఏమిటి నమ్మకం?"

మిషనక్క ఫోను తిరిగిచ్చింది. "నువ్వు దొంగవని కాదు తమ్ముడూ. ఒక్కటైనా దాచావు. ఈ పని ఇంక నీకొద్దు."

అతను అందరి ఎదుటా ఆ ఫొటో తుడిచేసి, గది తాళంచెవి బల్లమీద పెట్టాడు. రిటైరైన పోస్టుమాన్ ఒకాయన దాన్ని తీసుకున్నాడు.

ఇక అన్న గోడ చుట్టి రావడమే తరువాయి అనుకున్నాడు. తిట్టడానికే రానీ. వారం రోజులు వీధితలుపు ఓరగా వేసి, ముందుగదిలో రెండో కుర్చీ మీది బట్టలు తీసి కూర్చున్నాడు. గోడ అవతల దగ్గు వినిపించేది, పళ్లెం చప్పుడు వినిపించేది. అడుగులు మాత్రం ఇటు తిరగలేదు. ఎదురుపడితే అన్న ఎప్పటిలాగే నేల చూసుకుంటూ పోయాడు. చెట్టుకు కట్టిన పెట్టె ముందు వచ్చిన ధైర్యం తమ్ముడి ముందు రాలేదు.

కార్డులు తెచ్చే రోజున అతను దారిలో కాచుకుని పోస్టుమానును కలిశాడు.

"తొమ్మిదో దాంట్లో మనుషులెవరైనా పడుతున్నారా అన్నా?"

"ఎవర్నీ చూశానని చెప్పకూడదు కదా. నువ్వే కదయ్యా నాకు నేర్పింది!"

"నేనడిగేది మా అన్న గురించే. ఉన్నాడా లేడా, అంతే."

"ఎవరి గురించైనా అంతే తమ్ముడూ." పోస్టుమాన్ గొంతులో కసురు లేదు. ముప్పై ఏళ్లు ఒకరి ఉత్తరం ఇంకొకరి చేతికివ్వని మనిషి.

"చెప్పొద్దులే. ఉంటే మాత్రం, తుడిచేముందు..."

"ఊఁ?"

"ఏం లేదు. తుడిచెయ్యి."

పోస్టుమాన్ గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడు. రబ్బరు బయటినుంచి ఆ తలుపును ఒకసారి తోసి చూశాడు. గడియ గట్టిగానే పడింది.