క్లెతో బిగించిన ఎర్ర బటన్

జీప్నీలకు, అంటే ప్రయాణికులను ఎక్కించుకునే పొడవాటి జీపులకు, రంగులు, లైట్లు, రేకు గుర్రాలు బిగించడంలో క్లెతోను మించినవాడు మా ఊరు లాస్ పిన్యాస్‌లోనే లేడు. ఈ మాట నేను అనడం లేదు. క్లెతోయే అంటాడు, రోజుకు కనీసం నాలుగుసార్లు. మా సందులో చిన్నవాళ్లందరికీ అతను కుయా, అంటే అన్నయ్య. రెండిళ్ల అవతల కంప్యూటర్లు బాగుచేసుకుని బతికే నాకూ అంతే. అయితే నాది ఒక పనే కాదని, జీపు బ్యాటరీ తెలిసినవాడికి లోకంలో తెలియనిది ఉండదని అతని నమ్మకం.

అతని భార్య రెమీని నేను ఆతే అంటాను, సొంత అక్కలాంటిదే. ఇంట్లోంచే కంప్యూటర్‌లో జపాన్ పిల్లలకు ఇంగ్లిష్ చెప్పే ఉద్యోగానికి అర్జీ పెట్టుకుంది. గురువారం తొమ్మిదింటికి నమూనా పాఠం. అది కుదరకపోతే మళ్లీ బట్టల ఫ్యాక్టరీలో పొద్దస్తమానం నిలబడాలి. ఈ మోకాళ్లతో అది తనవల్ల కాదని నాతో చెప్పుకుని ఏడ్చింది.

సరిగ్గా ముందురోజు క్లెతో బుర్రను పురుగు తొలిచింది. కంప్యూటర్ పెట్టె కళాకాంతీ లేకుండా ఉందట, జీప్నీకి ఉన్నట్టు వెలిగే బటన్ కావాలట. ఉన్నది బాగానే పనిచేస్తోంది కదా అని ఆమె అంటే విన్నాడా? పెట్టె రేకుకు రంధ్రం పొడిచి, తన సరుకులోంచి చుట్టూ ఎర్రగా వెలిగే బటన్ ఒకటి తీశాడు. వెలుగు కోసం రెండు తీగలు పెట్టెలోని కరెంటు డబ్బాకు, నొక్కుడు కోసం రెండు తీగలు పాత బటన్ స్థానంలో కలిపాడు. గురువారం ఎనిమిదిన్నరకు గానీ పని తెమలలేదు.

నొక్కాడు. ఎర్రగా వెలిగింది. చూశావా అని పెళ్లాం వైపు తిరిగేలోపు కంప్యూటర్‌తో సహా ఆరిపోయింది. మళ్లీ మళ్లీ నొక్కాడు, వెలగడం, ఆరిపోవడం, అంతే. కరెంటు మంచిది కాదన్నాడు. చివరికి ఆమె పొద్దున్నే ఎండుచేపలు వేయించడం వల్ల యంత్రానికి పొగ పట్టిందన్నాడు. తప్పు తనదేమో అన్న ఆలోచన మాత్రం ఆ మహానుభావుడి దరిదాపులకు రాలేదు.

ఆమె పరుగున వచ్చి నన్ను తీసుకెళ్లింది. చూడగానే తెలిసిపోయింది. జీప్నీ బటన్ నొక్కితే లోపలికి దిగి అక్కడే ఉండిపోతుంది. కంప్యూటర్ బటన్ అలా నొక్కుకుపోయి ఉంటే నాలుగైదు సెకన్లలో యంత్రం ఆరిపోతుంది.

"కుయా, నొక్కిన వెంటనే ఇంకోసారి నొక్కు. బటన్ పైకి వచ్చేస్తే చాలు," అన్నాను.

"ఇంకోసారి నొక్కితే ఆరిపోద్దిరా. ముప్పై ఏళ్లుగా లైట్లు బిగిస్తున్నోడికి బటన్ నొక్కడం నేర్పుతావా?" అని అరచెయ్యి దానికి అడ్డం పెట్టాడు.

తొమ్మిదికి నాలుగు నిమిషాలుంది. ఆతే ఆ చెయ్యి పక్కకు తోసి, టకటకా రెండుసార్లు నొక్కింది. తెర వెలిగింది, ఆరలేదు. పాఠం చెప్పింది, ఉద్యోగం వచ్చింది.

సాయంత్రం కొట్టు దగ్గర క్లెతో పదిమందిని పోగేశాడు. రెండుసార్లు నొక్కే ఏర్పాటు తన సొంత తెలివట, దొంగలకు అంతుపట్టకుండా అలా చేశాడట. వెనిగర్ కోసం వచ్చిన ఆతే అంతా విని, సీసా చేతికి తీసుకుంది.

"ఆ బటనే నయం. రెండుసార్లు నొక్కితే మాట వింటది. నీకు ఇరవై రెండేళ్లుగా చెప్తన్నా."

అందరం పగలబడి నవ్వాం. క్లెతో కూడా నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు.